బొగ్గు గీత

సిరోంచ దాటి అంకీస తొవ్వల
ట్రాలీ ఆటో ఆపి అడిగినం:
అద్దెకు ఇల్లుందా, కౌలుకు చేనుందా?
ముందుగాల వాళ్ళే మమ్మల్ని అడిగిన్రు:
ఏ ఊరు, ఎవలోళ్ళు, మేకలున్నయా.

నాలుగో ఇంటి సడవలి పటేలు
తాళంచెవి చూపెట్టిండు.
రెండర్రలు, ఓ గొడ్లకొట్టం, నెలకు ఎనిమిది వందలు.
చేను నాలుగెకరాలు, నల్లరేగడి.
"ప్రాణహిత ఒడ్డు, గింజ ఉమ్మేసినా మొలుస్తది."
సాత్‌బారా కాయితం మడత విప్పకుంటనే
మళ్ళ జేబుల పెట్టుకున్నడు.

ఎకరానికి పన్నెండు వేలు,
సగం ఇప్పుడు, సగం పత్తి ఏరినంక.
సరేనన్న.
నా నోరు ఎప్పుడూ నాకంటె ముందు నడుస్తది.

"గోడలకు సున్నమేసుకోన్రి" అని పటేలు పోయిండు.
పోసక్క చీపురుతోని దుమ్ము దులుపుతాంటె
పొయ్యి ఎనుక బొగ్గు రాతలు:
యూరియా రెండు బస్తాలు.
కలుపు కూలి, ఏడుగురు.
చిన్నదానికి జ్వరం, మూడొందలు.
కింద, మోకాలెత్తున, ఓ అడ్డగీత:
పోలాల అమాస. చేన్ల నీళ్ళు ఇంత.
దాని మీద ఇంకోటి, నడుమెత్తున.
తారీఖు లేదు.

ఫోను లైటు పట్టుకొని
పోసక్క ఆ గీత పక్కన నిలవడ్డది,
వాగు దాటేటప్పటి లెక్క
కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి.
రాసినోడు పేరు రాసుకోలేదు.

సున్నం మూడు గోడలకే వేసింది.
తెల్లారి నన్ను లేపి అన్నది:
"పో, పటేలును చాయకు పిలువు.
ఈ గోడకాడ పీటెయ్యి.
ఎకరానికి ఏడు వేలని
అప్పుడు చెప్పు."