గుర్తు తెలియని చేతిరాత

ఇరవై మూడు పెట్టెలు వచ్చాయి డండీకి,
చేపలు మోసే వ్యానులో.
ఆర్చిబాల్డ్ క్రూడెన్ కాగితాలు.
రేడియో నాటకాలు రాసేవాడు. ఆ తీరం దాటితే
ఎవరికీ తెలియడు. తీరంలోనూ
అప్పులు ఎగ్గొట్టినవాడుగానే గుర్తు.

నా పని చిన్నది.
తుప్పు పట్టిన గుండుసూదులు తీయడం,
మెత్తని పెన్సిలుతో కుడి మూల అంకె వేయడం,
ఎవరి తడీ నా చేతికి అంటకుండా
మడతలు విప్పి, సంచిలో పెట్టి, పెట్టె మూయడం.

పద్నాలుగో పెట్టె తెరిస్తే
గదంతా హెర్రింగ్ వాసన.
పదహారు డిగ్రీల చలిలోనూ చేప చేపే.

అందులో ఒక నాటకం, మూడు ప్రతులు.
మొదటిది శుభ్రంగా టైపు కొట్టినది:
పడవ తిరిగిరాని రాత్రి, వంటింట్లో ఒక తల్లి.
రెండోదాని నిండా నీలం పెన్సిల్.
లండన్ ఆఫీసులో దొర ఎవరో
పాపం, శ్రద్ధగానే చదివాడు.
'హార్' అన్నచోటల్లా కొట్టేసి 'పొగమంచు' అన్నాడు.
హార్ పొగమంచు కాదయ్యా,
సముద్రం లేచి, చెప్పులు విడవకుండా
ఇంట్లోకి నడిచి రావడం.
'తల్లి గ్రీట్ చేస్తోంది' అన్నచోట
అంచున ఒక ప్రశ్న:
ఎవరిని? గదిలో ఇంకెవరూ లేరు కదా?

గ్రీట్ అంటే మా తీరంలో ఏడవడం.
తక్కిన లోకానికి పలకరించడం.
నాలుగు స్టేషన్లు దాటేసరికి మాట
కళ్లు తుడుచుకుని
నమస్కారం పెట్టేసింది.

మూడో ప్రతి మీద బూడిదరంగు పెన్సిల్.
నీలం గెంటేసిన ప్రతి మాటనూ
పిలిచి, పీట వేసి, మళ్లీ కూర్చోబెట్టింది.
క్రూడెన్ రాత కాదు.
ఆయన అక్షరాలు తాగినట్టు కుడికి పడతాయి.
ఇవి నిటారుగా ఉన్నాయి,
రోజంతా నిలబడి పని చేసేవాళ్ల అక్షరాలు.
చివరి పేజీలో తల్లి మాటలు, పదకొండు వరుసలు,
మొత్తం ఆ చేతివే.

జాబితాలో రాశాను:
'దిద్దుబాట్లు. గుర్తు తెలియని చేతిరాత.'
టీ తాగాను.
పదిహేనో పెట్టె తెరిచాను.

ఏడాదిన్నర తర్వాత వచ్చింది బెతియా మేర్,
ఎనభై ఎనిమిదేళ్లు, రెండు బస్సులు మారి.
సంచి లాకర్లో పెట్టమంటే పెట్టింది,
కోటు విప్పమంటే విప్పలేదు.
చివరి పేజీ మీద వేలు ఆనించబోయి
నా వైపు చూసి
గాలిలోనే నడిపింది వరుస వెంట.

'ఇది నాదే.
చేపలు కోసే షెడ్డులో, టీ వేళ,
వేళ్లకు చుట్టిన పీలికలు విప్పకుండానే రాశాను.
నీలం గీతలు చూసి ఆర్చీ రెండు రోజులు తాగాడు.
ఆ రాత్రి వంటింట్లో ఉన్నది మా అమ్మ.
ఏమన్నదో ఆయనకేం తెలుసు?'

రుజువు కావాలన్నాను.
సిగ్గుపడ్డాను గానీ, అన్నాను.
చీటీ ఇస్తే ఆమె రాసింది:
సబ్బు. ఓట్ పిండి. బల్బు ఒకటి, చిన్నది.
పిల్లికి ఏదో ఒకటి.
అక్షరాలు వణికాయి, నిటారుగానే.

'గుర్తు తెలియని' కొట్టేశాను. పేరు రాశాను.
ఆ చీటీకీ ఒక సంచి, ఒక అంకె.
తెర మీద తన పేరు
పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకుంది.
గ్రీట్ చేసింది.
ఎవరినని అడగకండి.

లేస్తూ, చేతులు కోటులో దోపుకుంటూ, అంది:
'ఆ పేజీలకు నా టోపీ పిన్ను గుచ్చాను.
నల్లగాజు తల. మా అమ్మది.
అదేదీ?'

తుప్పు పట్టినవన్నీ పారేస్తాం మేము.
నియమం.
వెతుకుతానన్నాను.
బయట హార్ కమ్ముకుంటోంది, వీధిదీపాలు మింగుతూ.
ఆమె చేయి పట్టి బస్సు దాకా నడిచాను.

నెలకోసారి ఫోను చేస్తుంది.
వెతుకుతూనే ఉన్నానంటాను.