కంచు పొడి

పైసాందూ ఊరి చివర, ఏటిగాలి తగిలే షెడ్డులో
ఒందీనా ఆయిల్ పాన్ దించింది.
అడుగున మడ్డి.
మడ్డిలో పుప్పొడిలా ఏదో మెరుపు.

"బంగారమా?" నవ్వబోయాడు రోసెందో.
అరవై నాలుగు నాటి ఫాల్కన్ అతనిది.
గేజి ముల్లు జారిపోతోందని
పోయిన చలికాలం ఎవరిచేతో పెద్ద పంపు వేయించాడు.
ముల్లు లేచింది.
దారిపొడవునా దాన్నే చూస్తూ
రెండుసార్లు మేకల మందలోకి తోలినంత పనిచేశాడు.

"ఒత్తిడి ఊరికే రాదు.
ఎవరో ఒకరు తిప్పాలి" అంది ఒందీనా.

ఆ ఎవరో
ఇప్పుడామె అరచేతిలో:
కంచు పళ్ళచక్రం.
ఒకే పక్క అరిగిన చెప్పు మడమలా
పళ్ళన్నీ వాలి, అంచులు కత్తులై.
గోటితో తడిమి చెప్పింది:
"మెత్తగా ఉండటమే దీని కొలువు.
కామ్ బతకాలని ఇది అరుగుతుంది.
ఆ బరువు మాత్రం దీనిది కాదు."

కొండనాలుకకి వేసిన మందు
బల్ల మీద ఉంది, ఇంకా కొత్తగా, భారీగా.

అటక మీది పాత పంపుని
కిరసనాయిల్లో కడిగింది.
పళ్ళ సందులో సన్నని రేకు దూర్చి చూసి,
మూత గీతలు పోయేదాకా
అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్దింది.
బయట చీకటి పడింది. మాతే చల్లారింది.
కొత్త చక్రం, పాత పంపు.

తాళం తిప్పాడు.
ఇంజన్ వేడెక్కాక
ముల్లు ఇరవై దగ్గర కూర్చుంది, ఇక లేవనంటూ.
రోసెందో కాసేపు చూశాడు.
టోపీ తీసి గేజికి తగిలించి
బానెట్ దగ్గరికెళ్ళి
చెవి ఒగ్గాడు.