లాకులు

లొల్ల లాకుల దగ్గర మా నాన్న లస్కరు.
ఇటు నీళ్ళూ అటు నీళ్ళూ ఒక మట్టానికి రాకుండా
తలుపు తీసిన రోజు ఆయన సర్వీసులో లేదు.

నాది కూతకెళ్ళే కాలు.
తణుకు టోర్నీలో, రెండో సగంలో
నన్ను పట్టుకున్నది లోవరత్నం. తప్పు దానిదీ కాదు.
నేను తిరిగాను, పాదం తిరగలేదు.
పచ్చి కొబ్బరిమట్ట విరిచినట్టు చప్పుడు,
నాకొక్కదానికే వినబడింది.

రాజమండ్రిలో తొడ వెనక నరం కొంత తీసి
మోకాట్లో కట్టారు.
"ఊడ్చిన నారు వేరు తన్నేముందు పాలిపోతుంది చూడు,
ఇదీ అంతే," అంది ఫిజియో ఎస్తేరు.
"అప్పుడే తొక్కేస్తారు జనం."

రొయ్యల లారీల దగ్గర అడిగి తెచ్చిన ఐసు.
రాత్రంతా మోకాలు రొయ్యల వాసన.
అమ్మ కుండ మీద రేకు తీస్తుంటే
పక్కనే కాలు చాపి బిగించి వదిలేదాన్ని,
ఒక రేకుకి ఒక బిగింపు.
అరవై దగ్గర నేను ఆగిపోయేదాన్ని.
ఆవిడ ఆగేది కాదు.

మూడో నెలకి నొప్పి పోయింది. అసలు గండం అదే.
ఒక సాయంత్రం గట్టు మీద ఎవరూ లేరని
పరిగెత్తబోయాను.
నాన్న లాకు మీంచి చూశాడు. తిట్టలేదు.
చక్రం మీద చెయ్యేసి ఊరికే నిలబడ్డాడు.
నడిచి వచ్చేశాను.

ఆరో నెల, కళ్ళంలో సుద్దగీత, ఒంటికాలి గెంతు.
మంచికాలు వందైతే ఇది ఎనభై రెండు.
"పాసే కదా?" అన్నాను.
"బళ్ళో అయితే," అంది ఎస్తేరు.

కాలువలు కట్టేశారప్పుడు.
అడుగున బురద పలకలుగా పగిలింది,
తూములకి సిమెంటు పూస్తున్నారు.
కాలువ చచ్చిపోయిందని ఎవరూ అనలేదు.
నేను గెంతడం మానేసి దిగడం నేర్చుకున్నాను,
మోకాలు లోపలికి వాలకుండా,
పిల్లి గోడ దిగినట్టు.

పదో నెల. తొంభై నాలుగు.
మాస్టారు నా పేరు పిలిచారు.
గీత దాటాను. ఊపిరి ఉంది, కూత ఉంది.
భయం మోకాట్లో లేదు, మెడ వెనకెక్కడో ఉంది.
ఎదర లోవరత్నం,
నా కాలి వంక చూడకూడదని తెగ కష్టపడుతోంది.
ఎవర్నీ తాకకుండా తిరిగొచ్చాను.

"ఏంటే, పట్టుకోమంటావా వద్దా?" అని అరిచింది.
ఊపిరి తీసుకున్నాక చెప్పాను:
పట్టుకోవే.