నలభై నిమిషాలు

లండన్‌ల ఎక్కి తొమ్మిదిన్నర గంటలు కూసున్నరట.
మాకిచ్చేది నలభై నిమిషాలు.

ఒకటో వరుసకెల్లి నలభై రెండు దాకా
వంగి నడిస్తె తెలుస్తది దూరమంటే ఏందో.
సగం నింపిన గళ్ల నుడికట్టు,
ఎవరో కొరికి వదిలిన ఆపిలు,
చిన్నపిల్ల సాక్సు, ఒక్కటే.

సీటు వెనక తెర మీద బొమ్మ విమానం
ఇంకా శంషాబాద్ మీదనే నిలబడ్డది.
వచ్చిన దూరం: ఏడువేల ఏడువందల చిల్లర కిలోమీటర్లు.
మిగిలిన దూరం: సున్న.
అండాలక్క తడిగుడ్డతోటి ఆ సున్నను తుడిచింది.
పోలేదు.

"రన్‌వే కొసకు నీలం దీపాలున్నయి సూడు,
ఆడ మా జొన్నచేను ఉండె.
ఇంటికెల్లి మంచె కాడికి ఎంత దూరమంటవ్?
అమ్మ నెత్తిన తెచ్చిన అంబలి
గోరువెచ్చగయ్యేటంత."

ఇప్పుడు కొత్తూరు అవతల కిరాయికుంటది.
షిఫ్టు బస్సు తప్పితే గంటన్నర.

ఇంక పదకొండు నిమిషాలేనని సూపర్‌వైజర్ కేకేసిండు.
సాక్సును సంచిల వేసి చీటీ రాసిన:
ముప్పై ఒకటో వరుస, కిటికీ పక్క.
కింద 'ఎక్కడిది' అని ఒక గడి ఉన్నది.
అండాలక్క దిక్కు సూసి
ఖాళీగ ఇడిసిన.