ఉప్పు పద్దు

బాలాపూర్ రోడ్డు మీద, టైర్ల దుకాణం వెనక
మా వంటశాల. కింద పొయ్యిలు, పైన పిల్లల హాస్టలు.
కింద అమ్మిన ప్రతి ప్లేటులోంచి పదకొండు రూపాయలు
మెట్లెక్కి పైకి పోతాయి,
బడి ఫీజుగా, చెప్పులుగా, ఒక్కోసారి దగ్గు మందుగా.
లెక్కలు నావి.
బస్ డిపోలో ముప్పై ఏళ్లు చిల్లర ఎంచిన వేళ్లు,
ఖాళీగా ఉంటే వణుకుతాయి.

"పుణ్యం చేస్తున్నారు కదా, రేటు కొంచెం చూసుకోండి"
అంటారు ఫోన్లో కొందరు.
పుణ్యానికి సిలిండరు రాదండీ, అంటాను.

వండేవాళ్లు నలుగురు.
బుచ్చవ్వ ఒక్కతే ఈ ఊరిది.
సెనోవారా నాఫ్ నది దాటి వచ్చింది, ఆ తర్వాత ఇంకా ఏవేవో.
ఎన్ని దాటావని అడిగితే వేళ్లు మడవడం మొదలుపెట్టి
మధ్యలో ఆపేస్తుంది.
హోదన్ మొగాదిషు నుంచి భర్త వైద్యానికని దిగింది.
భర్త ముందు అయిపోయాడు, వీసా తర్వాత.
సుకాంతిది బలంగీర్. ఆమెకు ఇదీ పరదేశమే,
ఇటుక బట్టీ తప్ప ఇక్కడ ఏమీ చూడలేదు ఆరేళ్లు.

ఉప్పుని ఒకామె నూన్ అంటుంది, ఒకామె ఉస్బో,
ఒకామె లుణ. బుచ్చవ్వ ఉప్పే అంటుంది, గట్టిగా.
గట్టిగా అంటే అర్థమవుతుందని ఆమె నమ్మకం.

వైశాఖంలో మీర్‌పేట పెళ్లి, మూడు వందల ప్లేట్లు.
పప్పు గంజు ముందు నుంచి నలుగురూ విడివిడిగా నడిచారు.
పక్కామె మరిచిందేమో పాపమని
ఎవరికి వారు గుప్పెడేసి.
పెళ్లివారు నీళ్ల డ్రమ్ములు ఖాళీ చేసి
మిగిలిన ఊపిరితో నన్ను తిట్టారు.
పద్దులో రాశాను:
తగ్గింపు నాలుగు వేలు. కారణం, ఉప్పు నాలుగుసార్లు.

ఆ రాత్రి పైనుంచి శివలీల దిగింది.
పదకొండేళ్లు. ఎంజీబీఎస్‌లో ఒక బెంచీ కింద దొరికిన పిల్ల,
ఎవరూ నేర్పకుండా నాలుగు భాషల్లో బేరమాడుతుంది.
బడి జడ రిబ్బన్ ఒకటి విప్పి, ఎర్రది,
గంజు చెవికి ముడేసింది.
"ఇది ఉంటే వేసినట్టు. లేకుంటే లేనట్టు. సమజైందా?"
అందరికీ సమజైంది.
మర్నాడు ఒంటి రిబ్బన్‌తో బడికి పోయి
పీటీ సారు చేత ఎండలో నిలబడింది. ఎందుకో చెప్పలేదట.

అప్పటినుంచి మా పప్పుకి పేరొచ్చింది.
హోదన్ యాలకులూ జీలకర్రా వేయించి
పులుసులో ఏదో పొడి కలిపితే, బుచ్చవ్వ
"ఇదేం పులుసే పిల్లా" అంటూనే రెండో గంటె తాగింది.
సెనోవారా బియ్యప్పిండి రొట్టెలోంచి
వీధి దీపం కనపడేది.

కార్తీకంలో ఒక గురువారం,
ఎవరో పంతులమ్మ రిటైర్మెంటు, రెండు వందల ప్లేట్లు.
సెనోవారా ఫోను మోగింది.
విన్నది. ఏమీ అనలేదు.
ఫోను బియ్యం బస్తా మీద బోర్లా పెట్టి
పప్పు కలపసాగింది.
అప్పుడే దించే పప్పు కాదు, అడుగంటే పప్పూ కాదు,
కలుపుతూనే ఉంది, గంజు మీదికి వంగి.
పొగేమో అనుకున్నాను.
మాది గ్యాసు పొయ్యి.

బుచ్చవ్వ ఉప్పు డబ్బాతో వచ్చి ఆగింది.
గంజు చెవికి అప్పటికే రిబ్బన్ ఉంది.
శివలీల పక్కనే కొత్తిమీర తుంచుతోంది, తలెత్తకుండా.
బుచ్చవ్వ మూత పెట్టేసింది.
హోదన్ చూసింది, సుకాంతి చూసింది.
ఎవరూ ఏమీ వేయలేదు.

సాయంత్రం పంతులమ్మ ఫోను.
"అన్నీ బాగున్నాయండీ. పప్పులో మాత్రం ఉప్పు మరిచారు."
మరవలేదమ్మా, అన్నాను.
ఆ పైన ఏం చెప్పాలో తెలియక
ఆరు వందలు తగ్గిస్తానన్నాను.

పద్దు తెరిచాను. కారణం గడి దగ్గర
కలం చాలాసేపు నిలబడింది.
పైన పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు, పదమూడో ఎక్కం,
శివలీల గొంతు ఒక అంకె వెనక.
చివరికి ఉన్నదే రాశాను:
రిబ్బన్ కట్టి ఉంది.