సోడా మనిషి

డాక్టరు నా లివరు ఫొటోని వెలుతురుకెత్తి
"ఇంక చాల్లే నాయనా" అన్న రోజునుంచీ
నేను సోడా మనిషిని.
శనివారం రాత్రి బండి తోలేది నేనే.
వెనక పైడిరాజు, వాడి వెనక సన్యాసప్పడు,
ముగ్గురికీ కలిపి ఒకటే హెల్మెట్టు.

తాగనివాడికి విజయనగరం ఇంకోలా తెలుస్తుంది.
కాంప్లెక్సు ఎదర బార్లో ఉలవ గుగ్గిళ్ళు
పొగ తగ్గకముందే ఉల్లిపాయ చల్లి తెస్తారు.
డబ్బులు తీసుకోరు గానీ ఉప్పు దండిగా వేస్తారు,
వాళ్ళ వ్యాపారం దాహం కదా.
స్టేషను రోడ్డు మేడమీద
ఎర్రలైటు చీకట్లో వచ్చే నెత్తళ్ళ వేపుడు
కంటికి ఆనదు, వేళ్ళకే తెలుస్తుంది.
తలకాయ తియ్యరు. తియ్యకూడదు కూడా.
గంటస్తంభం వెనక సందులో బారు లేదు,
అసిరమ్మ పునుకుల బండి ఉంది.
మూడు బార్లలో మూడు పేర్లతో
మూడు ధరలకి వచ్చేవి
ఆవిడ బాండీలో ఈదినవే.
ఈ సంగతి నాకూ సప్లయర్లకే తెలుసు.

తాగే రోజుల్లో ఇవేవీ తెలియవు నాకు.
రాత్రి ఏం తిన్నానో
పొద్దున్న చొక్కా చూసి మా ఆవిడ చెప్పేది.

ఈ వారం రింగురోడ్డులో కొత్తది తెరిచారు.
నాలుగో అంతస్తు, లిఫ్టు నిండా అద్దాలు,
మేం ముగ్గురం ఎక్కి తొమ్మిదిమందిగా దిగాం.
మెనూ శుభలేఖలా బరువుంది,
లోపలంతా కాక్‌టెయిళ్ళే.
మిల్లులో ముప్పై ఏళ్ళు నార దువ్విన పైడిరాజు
సెల్లు లైటేసి ముందు ధర చదివాడు.
"ఓర్నాయనో, దీనికి మూడు క్వార్టర్లొచ్చెస్తాయి కదరా!"
అయినా చెప్పాడు. రెండు.

గ్లాసు మీద కాలుతున్న దాల్చినచెక్క,
దాన్ని తినాలా, ఆర్పాలా అని
సన్యాసప్పడు పక్క బల్ల వైపు దొంగచూపు చూశాడు.
పళ్ళెం విస్తరంత, దాని మధ్యలో రొయ్యలు ఐదు.
ముగ్గురికి ఐదు.
బోనసు పంపకాల్లో కూడా
యూనియనోళ్ళు ఇంత లెక్క కట్టలేదు.

కౌంటరు వెనక కుర్రాడికి
మెడలో నల్ల బో, నోట్లో బొబ్బిలి యాస.
"గోవాలో ఆరేళ్ళు చేసీసాను బాబూ,
ఆళ్ళ కూరలు పడ్నేదు, వచ్చీసాను. మీకేటి?"
"సోడా."
వాడు సోడా తీయలేదు.
నా కళ్ళలో మిగిలిన పసుపు కేసి చూశాడు,
ఆ రంగు ఎక్కడో, ఎవరి దగ్గరో
బాగా ఎరిగున్నవాడిలా.
ఆ పైన ఏమీ అడక్కుండా
తాటిబెల్లం గుప్పిట్లో చిదిపి,
చింతపండు రసం, వేగిన జీలకర్ర,
పచ్చిమామిడి చెక్క, ఐసు వేసి
ఆ వెండి డబ్బా భుజం దాకా ఎత్తి
ఊపాడు, ఊపాడు, ఊపాడు.

బి షిఫ్టు మగ్గాలన్నీ ఒక్కసారి
మొదలైన చప్పుడు.

పైడిరాజు గ్లాసు కింద పెట్టేశాడు.
సన్యాసప్పడి చెయ్యి తెలీకుండానే
జేబులో గుర్తింపు కార్డు తడిమింది.
గేటుకి తాళం పడి నాలుగేళ్ళు.
మేమెవ్వరం దాని గురించి మాట్లాడలేదు.

నా గ్లాసు వచ్చింది, అంచుకి ఉప్పూ కారం పూసుకుని.
వాళ్ళ గ్లాసుల పక్కన
పొట్టీ పొడుగూ తేడా లేకుండా నిలబడింది.
ఇన్నాళ్ళకి నా గ్లాసుకి కూడా
ఎవరో తగిలించారు, టింగుమని.
పులుపు ముందు చెవుల్లోకి పోయింది,
బెల్లం తీరిగ్గా, ఆలస్యంగా వచ్చింది.
"దీని పేరేటి?" అన్నాను.
"ఇంకా ఎట్నేదు బాబూ" అన్నాడు, గ్లాసు తుడుస్తూ.

పదకొండింటికి ఆకలితో కిందకి దిగి
తిన్నగా గంటస్తంభం వెనక సందుకి.
అసిరమ్మ పొయ్యి ఆర్పబోతోంది.
"అంత మేడెక్కి ఏటి తిన్నారు?"
"ఐదు రొయ్యలు."
నవ్వి, అడుగున మిగిలినవన్నీ పొట్లంలో పోసింది.
"రేపట్నుంచి ఆ మేడోళ్ళకీ నానే ఎయ్యాలంట.
పళ్ళేనికి నాలుగే చాలంట బాబూ,
కింద ఆకొకటి ఎడతారంట."