చింతపిక్క రంగు

కోవెంట్రీలో మంగళవారం. వాన పడీ పడనట్టు.
షోరూమ్ కుర్రాడు కాలమ్ రంగుపలకల గుత్తిని
తాళంచెవుల్లా వేలికి తగిలించుకుని వచ్చాడు.
"రెండు సీట్లే మేడమ్, టాప్ పన్నెండు సెకన్లలో తెరుచుకుంటుంది.
ఇక మిగిలింది రంగే."

మిగిలింది రంగేనట,
దించే ముందు కూరలో ఉప్పు చూసుకోవడమన్నట్టు.

ఇరవై రెండేళ్లు బస్సు నడిపాను ఈ ఊళ్లో.
దాని రంగు సంగతి ఎవరూ నన్నడగలేదు.
ఒక ఏడాది ఒంటినిండా పిల్లిమేత ప్రకటన,
మరో ఏడాది పళ్లు తెల్లబరిచే పేస్టు;
ఆ పళ్లవరస మధ్యన కూర్చుని
ఆస్పత్రికీ స్టేషనుకీ తిరిగాను.

పలకల మీద పేర్లు చదివాను.
మిడ్‌నైట్. గ్లేసియర్. లావా. స్టార్మ్.
వాతావరణ శాఖ వాళ్లు పెట్టినట్టున్నాయి.
మా చీరల కొట్లో అయితే
ఉల్లిపొర ఉంటుంది, గచ్చకాయ ఉంటుంది,
వంకాయ, మావిచిగురు, నెమలికంఠం, కాఫీపొడి...
కళ్లు మూసుకుని చెప్పినా
కొట్టబ్బాయి సరైన చీరే లాగుతాడు.
లావా ఎవరింట్లో ఉంది?

సాంబమూర్తి పక్కన కూర్చుని వాళ్లిచ్చిన కాఫీ తాగుతున్నాడు.
"బూడిదరంగు. దుమ్ము కనపడదు. అమ్మినప్పుడు ధర పలుకుతుంది."
పెళ్లికి సూటు కొన్నప్పుడూ ఇదే మాట.
ఇంకా అమ్మలేదు ఆ సూటు.

కాలమ్ నా పేరుకి అర్థమడిగాడు.
నీలవేణి. చెప్పక తప్పలేదు.
"అయితే నీలమే!" కళ్లు మెరిశాయి కుర్రాడికి.
నాయనా, ఆ నీలం జడది, అంటే నలుపు,
ఇప్పుడది నలుపు కూడా కాదు.

అప్పుడు సంచిలో చెయ్యి పెట్టాను.
మొన్న పులుసుకి చింతపండు నానబెడితే
గింజ తీసేశామని రాసిన పాకెట్లోంచి
దొంగలా బయటపడ్డ ఒక్క పిక్క.
కడిగి, తుడిచి, ఎందుకో పర్సులో వేసుకున్నాను.
బల్ల మీద పెట్టాను.

ఎరుపు కాదు. నలుపు కాదు. గోధుమ అంటే దానికి కోపమొస్తుంది.
లైటు కింద తిప్పితే అంచున రాగి, నడుమ రాత్రి.
ఎవరూ పాలిష్ పట్టకుండానే పుట్టుమెరుపు.
చిన్నప్పుడు గచ్చుకేసి రుద్ది
పక్కదాని మోచేతికి అంటిస్తే కెవ్వుమనేది.
వేగమంటే నాకు మొదట తెలిసింది అదే,
రుద్దిన కొద్దీ వేడెక్కే చిన్న వస్తువు.

కాలమ్ నవ్వలేదు. మంచి పిల్లాడు.
లోపలికెళ్లి రంగు చదివే యంత్రం తెచ్చి పిక్క మీద ఆనించాడు.
వస్తువు చాలా చిన్నది, అంది యంత్రం.
మళ్లీ ఆనించాడు. ఒంపు ఎక్కువ, అంది.
మూడోసారి, విసుగొచ్చిందేమో, ఒక నంబరు ఇచ్చింది.
ప్రత్యేకం రంగు. రెండువేల మూడువందల పౌన్లు అదనం.
పదకొండు వారాలు.

సాంబమూర్తి కప్పు కింద పెట్టాడు.
పిక్కని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు,
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"చీలిస్తే లోపల తెలుపు కదూ," అన్నాడు.
"నాలుగు బద్దలుంటే పందెం వేసి తేల్చేద్దుం."
"ఉన్నది ఒకటే. చీల్చను."
కాసేపు కిటికీలోంచి వాన చూశాడు.
"అయితే సీట్లు తెల్లవి చెప్పు,
పిక్కంటే పిక్కలాగే ఉండాలి."
దుమ్ము మాట నేనెత్తలేదు.

ఫారంలో రంగు పేరు రాసే గడి చిన్నది.
'చింత' వరకే పట్టింది.

ఇంటికి బస్సులో వచ్చాం.
నడుపుతున్నది డెస్మండ్, నా పాత షిఫ్టువాడు.
అరచేయి తెరిచి, ఇదే నా కారు, అని చూపించాను.
వంగి చూసి, తలుపు మూసి,
"పార్కింగ్ కష్టం లేదులే," అన్నాడు.